నీలం లైటు ఆరకపోతే మైలేజ్ పడిపోదా?

ప్రశ్న: మేము నిజాంపేటలో ఉంటాం, నా ఆఫీసు మాదాపూర్‌లో. ఆరేళ్ల పెట్రోల్ కారు. వానలు మొదలయ్యేదాకా లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చింది, ఇప్పుడు 12 దాటడం లేదు. చెక్ ఇంజిన్ లైటు రెండుసార్లు వెలిగి దానంతట అదే ఆరిపోయింది. మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, కోడ్ పి0172 వచ్చింది, ఆక్సిజన్ సెన్సర్ మార్చాలి, ఇంజెక్టర్లు క్లీన్ చేయాలి అంటున్నాడు. మావారేమో ఇదంతా ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్లే అంటారు. ఇంకో మాట, పొద్దున స్టార్ట్ చేయగానే వచ్చే నీలం లైటు ఈమధ్య ఆఫీసు చేరేదాకా వెలుగుతూనే ఉంటోంది. ఏది మార్చమంటారు?
- ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: ఇప్పుడే ఏదీ మార్చకండి. ‘ఇంకో మాట’ అని చివర్లో రాశారే, అసలు సంగతి అక్కడే ఉంది.

ముందు ఇథనాల్ గురించి. మీవారు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఇథనాల్‌లో లీటరుకు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి 20 శాతం కలిపిన పెట్రోల్‌తో మైలేజ్ ఆరేడు శాతం దాకా తగ్గొచ్చు. అంటే 17 కాస్తా 16 అవుతుంది, 12 కాదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారనుకుంటే 17 చొప్పున 59 లీటర్లు చాలు, 12 చొప్పున 83 కావాలి. లీటరు నూరు దాటిన రోజుల్లో నెలనెలా 24 లీటర్లు ఊరికే కాలిపోతుంటే ఎవరికైనా టెన్షనే.

పి0172 అంటే ‘మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువైంది’ అని. అంతే, ఆక్సిజన్ సెన్సర్ పాడైందని ఆ కోడ్ చెప్పడం లేదు. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క తప్పిందా లేదా అని పొగగొట్టంలో కూర్చుని చూసి కంప్యూటర్‌కు చెప్పేదే ఆక్సిజన్ సెన్సర్. అది కూడా పాడవుతుంది, నిజమే, పాడైతే మైలేజ్ బాగా దెబ్బతింటుంది. కానీ మీ కారు విషయంలో అది నిజమే చెబుతోందని, తప్పు సమాచారం ఇస్తున్నది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎంత వేడిగా ఉందో చూసే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అని నా అనుమానం.

చాలా చిన్న కార్లలో ఆ నీలం లైటుకు అర్థం ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని. చల్లటి ఇంజిన్‌కు కంప్యూటర్ కావాలనే ఎక్కువ పెట్రోల్ పోస్తుంది, వేడెక్కాక తగ్గిస్తుంది. ఇంజిన్ 85 డిగ్రీలకు చేరినా సెన్సర్ 40 అని చెబుతుంటే, ట్రాఫిక్‌లో గంటసేపు ఉన్నా మీ కారు అప్పుడే లేచినట్టే పెట్రోల్ తాగుతుంది. ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పడిపోతుంది, బాగా వేడి మీద రెండు మూడు వందల ఓమ్‌లే ఉంటుంది. కనెక్టర్‌లో తడి చేరి పచ్చగా చిలుము పట్టినా, తీగ సగం తెగినా ఇంకో వెయ్యి ఓమ్‌లు వచ్చి కలుస్తాయి, అది కంప్యూటర్‌కు ‘చల్లగా ఉంది’ అన్నట్టే అర్థమవుతుంది. తీగ పూర్తిగా తెగితే స్కానర్‌లో మైనస్ 40 కనిపిస్తుంది, అప్పుడు పట్టుకోవడం తేలిక. సగం పాడైతేనే కష్టం, ఎందుకంటే 40 డిగ్రీలు అనేది నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది కాబట్టి కంప్యూటర్ దాన్ని నమ్మేస్తుంది. మా ఇంటి కారుకు సరిగ్గా ఇదే జరిగింది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుకలు ఆ తీగ కొరికాయి, మేమేమో ముందు ప్లగ్గులు మార్పించి, ఇంజెక్టర్లు క్లీన్ చేయించి, డబ్బు పోయాక గానీ ఆ తీగ చూడలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇలా చేయండి. రాత్రంతా ఆగిన కారులో పొద్దున్నే స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి స్కానర్‌లో లైవ్ డేటా చూడమనండి. కూలెంట్ టెంపరేచర్, లోపలికి వచ్చే గాలి టెంపరేచర్ దాదాపు ఒక్కటే ఉండాలి. పది డిగ్రీల తేడా ఉన్నా అనుమానించాల్సిందే. తర్వాత అరగంట నడిపితే కూలెంట్ 80 దాటాలి. దాటకపోతే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వెళ్లకుండా ఆపే వాల్వ్) ఉండే హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి నిజంగా ఎంత వేడి ఉందో చూస్తే తేలిపోతుంది. అది 85 చూపి స్కానర్ 40 చూపితే తప్పు సెన్సర్‌దో తీగదో. రెండూ తక్కువే చూపితే, ముఖ్యంగా ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు తగ్గి ట్రాఫిక్‌లో పెరుగుతుంటే, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది.

సెన్సర్ మార్చే ముందు కనెక్టర్ విప్పి చూడండి, ఒక్కోసారి శుభ్రం చేస్తేనే సరిపోతుంది. మార్చాల్సి వస్తే రాణీగంజ్‌లో పార్ట్ నంబర్ సరిచూసుకుని బిల్లుతో తీసుకోండి, ఆక్సిజన్ సెన్సర్ ధరతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం ఎవరినీ విప్పనివ్వకండి, కూలెంట్ ఎగిరి కాలుతుంది. ఆలస్యం కూడా చేయకండి. కాలని పెట్రోల్ పొగగొట్టంలోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తే అయ్యే ఖర్చు ముందు ఈ సెన్సర్ ధర లెక్కలోకే రాదు.

ప్రశ్న: ఆక్సిజన్ సెన్సర్ పీకేస్తే మైలేజ్ పెరుగుతుందని ఒకరు చెప్పారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: కాదు. అది లేకపోతే కంప్యూటర్‌కు పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిపోయిందో తెలియదు, ముందే రాసిపెట్టిన అంచనాతో పోస్తుంది, ఆ అంచనా ఎక్కువసార్లు ఎక్కువ వైపే ఉంటుంది. పీకేసి ఉంటే ఇవాళే మళ్లీ బిగించి, కోడ్ తుడిపించి, ట్యాంక్ నుంచి ట్యాంక్ లెక్కన రెండుసార్లు మైలేజ్ కొలిచి రాయండి.