గిరీశం వాట్సాప్‌లో ఉంటే

ప్రశ్న: మేడమ్‌గారూ, కాలేజీ వార్షికోత్సవానికి ‘కన్యాశుల్కం’ని వాట్సాప్ చాట్‌గా మార్చి ఆడదామనుకుంటున్నాం. మెసేజ్‌లు తెర మీద పడుతుంటాయి. గురజాడవారికి ఇంతకన్నా అవమానం లేదంటున్నారు మా తాతగారు. మానేయమంటారా?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: మానేయకమ్మా. విజయనగరంలో పిల్లలచేత ఈ నాటకం ఎన్నోసార్లు వేయించినదాన్ని, ధైర్యంగానే చెబుతున్నాను. 1892లో ఆ ఊళ్లో మొదటిసారి ఆడిన నాటకాన్ని గురజాడవారే 1909లో తిరగరాసి బాగా పెంచారు. తాతగారికి ఈ మాట చెప్పు. పైగా అది జనం మాట్లాడుకునే భాష. గిరీశం ఎలాగూ ఇంగ్లీషు కలపందే నోరు విప్పడు, చేతికి ఫోనిస్తే చాలు. సంతలో సామాను కొంటానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి వేశ్య మధురవాణి మీద ఖర్చుపెట్టాడు కదా:

పూటకూళ్లమ్మ: సామానేదీ?
గిరీశం: ఆన్ ద వే
పూటకూళ్లమ్మ: నెలైంది!
గిరీశం: ట్రాఫిక్

అయితే అందరిచేతా ఒకేలా టైప్ చేయించకండి. ఇలాంటి ప్రయత్నాలు చాలావరకు అక్కడే చప్పబడిపోతాయి. కోపిష్ఠి అగ్నిహోత్రావధాన్లు అరుస్తూ వాయిస్ మెసేజ్‌లు పెట్టాలి. పిసినారి లుబ్ధావధాన్లు మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకోవాలి. దొంగ కాగితాలు పుట్టించే రామప్పంతులు ఇప్పుడైతే దొంగ స్క్రీన్‌షాట్లు పుట్టిస్తాడు. కరటకశాస్త్రి శిష్యుడి ఆడవేషానికి డీపీ మారిస్తే సరి. వకీలు సౌజన్యారావు పెద్దమనిషి, ఆయన మాత్రం ప్రతి వాక్యానికీ ఫుల్‌స్టాప్ పెడతాడు.

అగ్నిహోత్రావధాన్లు డబ్బుకు ముసలి లుబ్ధావధాన్లకి ఇవ్వబోయిన చిన్నకూతురు సుబ్బి దగ్గర నవ్వు వద్దు. తొలి కూర్పు ముందుమాటలో గురజాడవారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్ల లెక్క ఇచ్చారు: 1,034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పసిపిల్లలు ముగ్గురు. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది. అందుకే సుబ్బిని ఫ్యామిలీ గ్రూపులో చేర్చండి, ఆ పిల్లచేత ఒక్క మెసేజూ పెట్టించకండి. పెద్దవాళ్లంతా ఆమె రేటు మాట్లాడుకుంటూ ఉండాలి. సుబ్బి అక్క, బాలవితంతువు బుచ్చమ్మనీ వెక్కిరించకండి. గిరీశాన్ని, అవధానులిద్దర్నీ ఎంత ఏడిపించినా ఫరవాలేదు.

‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అన్న చివరి మాటను మాత్రం తెర మీద వేయకండి. గిరీశం వేసే అబ్బాయి ఫోన్ జేబులో పెట్టేసి, జనం వైపు తిరిగి గొంతెత్తి అనాలి. రిహార్సల్ ఎక్కువగా దానికే పెట్టుకోండి.