అల్లుడూ, ఆ సూటూ హెల్మెట్టూ తిరిగి పంపీరా

ఒరే అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూసాను. హెల్మెట్ బాగుంది, సూట్ బాగుంది, అందులో నువ్వూ బాగున్నావు గాని రెండూ తిరిగి పంపీరా. ట్యాగులు ఇంకా తియ్యకపోతే డబ్బులు వెనక్కిస్తారేమో అడుగు. కోపం తెచ్చుకోకు. నువ్వు రేసింగ్ స్కూల్లో చేరావని విన్నాక నాకెంత సంతోషమేసిందో మీ అమ్మ దగ్గర చెప్పలేను, చెప్తే చీపురు తీసుకుంటాది. నేను కూడా కుర్రతనంలో మెడ్రాస్ అవతల షోలవరం రేసులకి ఒకాయన కారు వెనకాల స్పానర్లు అందించడానికి వెళ్లినోణ్ణే కదా. అప్పటికి మెడ్రాస్ దగ్గర మీ ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ లేదు, అది 1990లో వచ్చింది, మాదంతా యుద్ధం నాటి పాత ఏర్‌స్ట్రిప్ మీదే.

ముందు సూట్ సంగతి చెప్తాను. నువ్వు కొన్నది కార్టింగ్ సూట్, అంటే పైకప్పు లేని ఆ చిన్న రేసు బళ్లకి వేసుకునేది. చూడ్డానికి కార్ల సూట్ లాగే ఉంటాది, అదే తంటా. కార్ట్‌లో బెల్టు ఉండదు, గుద్దితే మనిషి ఎగిరి తారురోడ్డు మీద జారతాడు, అందుకని చర్మం గీరుకుపోకుండా ఆ గుడ్డ గట్టిగా నేస్తారు, చాలావరకు నైలాన్ జాతి. మంటలో అది ఏటవుద్దో నా ఎడంచెయ్యి చూస్తే తెలుస్తాది.

ఈ కథ నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. గంటస్తంభం దగ్గర షెడ్డులో పని చేసే రోజుల్లో ఒక అంబాసిడర్ స్టార్ట్ అవ్వట్లేదని కార్బొరేటర్ నోట్లో సీసాతో పెట్రోల్ పోస్తున్నాను, లోపల కూర్చున్నోడు సెల్ఫ్ కొట్టాడు, భగ్గుమంది. నేను ఆ దసరాకి కుట్టించుకున్న టెర్లిన్ చొక్కా వేసుకున్నాను, నా పక్కన ముసలి మేస్త్రి నూలు బనీనుతో ఉన్నాడు. ఇద్దరికీ ఒకే మంట తగిలింది. ఆయన బనీను చింపి అవతల పారేసాడు, కాస్త బొబ్బలెక్కింది అంతే. నా చొక్కా చెయ్యి మాత్రం కరిగి పాకంలా చర్మానికి అంటుకుపోయింది, ఆస్పత్రిలో అది లాగుతుంటే దాంతోపాటు ఏం వచ్చిందో రాయను, నువ్వు భోజనం చేస్తూ ఫోన్ చూసే రకం. అందుకే చెప్తున్నాను, సూట్ కింద కూడా ఆ జిమ్‌కి వేసుకునే జారుడు టీషర్ట్ వెయ్యకు, నైలాన్ సాక్సులూ వద్దు. నోమెక్స్ అని మంటకి కరగని గుడ్డ ఉంటాది, దాని ఇన్నర్లు కొనగలిగితే మంచిది, లేదంటే మామూలు నూలు బనీను వేసుకో.

కారు సూట్ కొనేటప్పుడు కాలర్ దగ్గరో చేతి దగ్గరో లేబుల్ ఉంటాది, అది చదువు. ఎస్ఎఫ్ఐ అంటే రేసు సామానుకి ముద్ర వేసే అమెరికా సంస్థ, వాళ్లది 3.2ఏ/1 అని ఉంటే ఒంటిపొర సూట్, మంటలో రెండో డిగ్రీ గాయం అవ్వడానికి సుమారు 3 సెకన్లు పడతాది. 3.2ఏ/5 అయితే 10 సెకన్లు. ప్రపంచ కార్ల రేసుల సంస్థ ఎఫ్ఐఏ వాళ్లదైతే 8856-2018 అని ఉంటాది, అది ఇంకా మేలు. 3 సెకన్లంటే ఎంతో నీకు అర్థం కావాలంటే ఒక పని చెయ్యి, స్కూల్ కారులో బెల్టులన్నీ బిగించుకుని, గ్లవ్స్ వేసుకుని, ఫ్రెండ్‌ని ఫోన్లో టైమ్ పెట్టమని, దిగు. బకిల్ తిప్పి, స్టీరింగ్ తీసి, కాళ్లు పైకి లాక్కుని బయటపడేసరికి ఎన్నయిందో చూసి అప్పుడు ఏ సూట్ కొనాలో నువ్వే చెప్పు. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో ఫార్ములా వన్ రేసర్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై అంటుకున్నప్పుడు అతను దాదాపు 28 సెకన్లు మంటలో ఉన్నాడు, ప్రపంచంలో అన్నిటికన్నా మంచి సామాను వేసుకుని కూడా చేతులు కాలాయి. కాబట్టి గ్లవ్స్ కూడా కార్టింగ్‌వి కాదు, మంటకి ఆగేవి ఉండాలి. బూట్లూ అంతే. హెల్మెట్ కింద తలకి వేసుకునే ముసుగు, బాలాక్లావా మాత్రం స్కూలోళ్లది అడగొద్దు, ఒకడి చెమట ఇంకొకడికెందుకు.

సైజు విషయంలో కుర్రాళ్లందరూ తప్పు చేస్తారు, ఒంటికి అతుక్కుని హీరోలా ఉండాలంటారు. కాస్త లూజుగా ఉండాలిరా, గుడ్డకీ ఒంటికీ మధ్య గాలి ఉంటేనే వేడి లోపలికి రావడానికి టైమ్ పడతాది. నిలబడి కాదు, కూర్చుని చేతులు ముందుకి చాపి చూసుకో, భుజాల దగ్గర లాగకూడదు. మీద నీ పేరు కుట్టించాలని మన ఊరి టైలర్ దగ్గరికి తేకు, ఆయన పాలిస్టర్ దారంతో మూడు పొరలూ కలిపి కుట్టీస్తాడు. ఇంకోటి, ఉతకడానికి మీ అమ్మకి ఇచ్చావంటే బ్లీచింగ్‌లో నానబెట్టి బండకేసి బాది ఎండలో ఆరేస్తాది, చవక సూట్లలో నూలుకి మందు పట్టించి మంటకి ఆగేలా చేస్తారు, బ్లీచింగ్‌తో ఆ మందు పోతాది. తిరగేసి, తేలిక సబ్బుతో విడిగా ఉతికి నీడన ఆరబెట్టు.

ఇప్పుడు తల. నువ్వు కొన్నది బైక్ హెల్మెట్. వెనకాల ఐఎస్ఐ మార్కుంది, హెల్మెట్లు పరీక్షించే స్నెల్ సంస్థ ముద్ర ఎం2020 కూడా ఉంది, బైకుకి అది మంచిదే, నేను కాదనను. కార్ల రేసుకి ఎస్ఏ అని ఉండాలి, ఎస్ఏ2020 గాని ఎస్ఏ2025 గాని. ఎందుకంటే ఎస్ఏ వాటికి మంట పరీక్ష ఉంది, కారు లోపల బోల్తాపడితే కాపాడే ఇనప గొట్టానికి, అదే రోల్‌బార్‌కి, తల కొట్టుకున్నట్టు ఇంకో పరీక్ష ఉంది, ఎం వాటికి ఈ రెండూ లేవు. కె అని ఉంటే అది కార్టింగ్‌కి. ఆ స్టిక్కర్ బయట కాదు లోపల స్పాంజి కింద ఉంటాది, ఎత్తి చూడు.

హెల్మెట్ పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పితే బుగ్గల చర్మం దాంతోపాటు కదలాలి. వెనక అంచు పట్టుకుని ఎవరైనా పైకి లాగితే ఊడి రాకూడదు. ఆ తర్వాత అది పెట్టుకునే ఒక అరగంట టీవీ చూడు, తీసాక నుదురు మధ్యలో ఎర్రగా నొక్కు పడిందంటే అది నీ తల ఆకారం కాదు, ఎంత ఆఫరున్నా వదిలీ. సెకండ్ హ్యాండ్ అసలొద్దు. కింద పడిందో లేదో పైకి కనిపించదు, అమ్మేవోడు చెప్పడు.

మెడ గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు, నాకు భయం అక్కడే. బెల్టు గట్టిగా ఉందంటే ఒళ్లు ఆగిపోతాది గాని తల ఆగదు కదా, హెల్మెట్ బరువు తోడై ముందుకి పోతాది, పుర్రె అడుగు ఎముక విరుగుతాది. మన వీరఘట్టం కోడి రామమూర్తి గారు రెండు కార్లని తాళ్లతో కట్టించుకుని కదలనివ్వలేదని మా తాత చెప్పేవాడు, అంత మనిషి మెడ కూడా ఈ గుద్దుకి ఆగదు. అమెరికాలో డేల్ ఎర్న్‌హార్ట్ అనే పేరున్న రేసర్ 2001 ఫిబ్రవరిలో డేటోనాలో ఆఖరి ల్యాప్‌లో పోయింది ఈ దెబ్బకే, చూసినోళ్లకి అది పెద్ద యాక్సిడెంట్ లాగే అనిపించలేదు. ఆ ఏడాదే అతను ఆడే నాస్కార్ కార్ల రేసుల్లో మెడ పట్టీ తప్పనిసరి చేసారు, ఫార్ములా వన్ 2003లో చేసింది. హాన్స్ అంటారు దాన్ని, హబ్బర్డ్ అనే ప్రొఫెసరూ రేసులాడే ఆయన బావమరిదీ కలిసి 1980ల్లోనే తయారుచేసారు, ఇరవయ్యేళ్లు ఎవడూ పట్టించుకోలేదు. భుజాల మీద కాడిలా కూర్చుంటాది, దాని మీంచి బెల్టులు వస్తాయి, రెండు పట్టీలు హెల్మెట్‌కి తగులుకుంటాయి. ఎస్ఏ2020 హెల్మెట్‌కి ఆ బోల్టుల కోసం మరలు ఫ్యాక్టరీలోనే పెట్టి ఇస్తారు, నీ బైక్ హెల్మెట్‌కి డ్రిల్లు పెట్టిద్దామని నా షెడ్డుకి మాత్రం రావొద్దు. సీటు వాలుని బట్టి అందులో రకాలుంటాయి, నిటారుగా కూర్చునే పోలో లాంటి కారుకి 20 డిగ్రీలది, వెనక్కి వాలి కూర్చునే ఫార్ములా కారుకి 30ది సరిపోతాది. నువ్వు ఏది నడపబోతున్నావో స్కూల్లో అడిగి అప్పుడు కొను.

హాన్స్ మామూలు మూడు పాయింట్ల బెల్టుతో పని చెయ్యదు, రేసు హార్నెస్ కావాలి, అంటే రెండు భుజాల మీంచీ నడుం మీంచీ వచ్చే బెల్టుల జత. నడుం పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కిందకి ఉండాలి, ముందు అది బిగించి తర్వాతే భుజాలవి లాగు. హార్నెస్‌కి కూడా గడువుంటాది, ఎఫ్ఐఏ లేబుల్ మీద ఏ ఏడాది వరకో రాసుంటాది, ఎస్ఎఫ్ఐ 16.1 అయితే తయారైన రెండేళ్లకే మార్చాలి. ఎండకి ఆ పట్టీ పైకి బాగానే కనిపిస్తూ లోపల చచ్చుబడతాది. తాటిచెట్టెక్కేవాడు మోకు కాస్త పీచు లేచిందంటే చెట్టెక్కడు చూడు, అలగ చూసుకో. ఎవడో లేబుల్ కత్తిరించి సగం రేటుకి ఇస్తానన్నాడని రాసావే, వాడికి దండం పెట్టీ. ఇంకో మాట, ఆ నాలుగు పాయింట్ల బెల్టు మీ నాన్న స్విఫ్ట్‌లో వేయించాలని ఉందన్నావు కదా, వద్దు. లోపల ఇనప గొట్టాల పంజరం, అదే రోల్‌కేజ్, లేని కారు బోల్తాపడితే పైకప్పు దిగుతాది, మామూలు బెల్టయితే ఒళ్లు పక్కకి వాలుతాది, హార్నెస్ నిన్ను నిటారుగా దాని కిందే పెడతాది.

డబ్బులు ఒకేసారి లేవంటే ముందు హెల్మెట్, హాన్స్ కొను. సూట్ ఈ ఏడాదికి స్కూలోళ్లది వాడుకో, లేబుల్ చూసే వాడుకో. రేసుకి పేరు ఇచ్చే ముందు ఆ రేసు రూల్స్ కాగితం మొత్తం చదువు, ఏ ముద్ర ఒప్పుకుంటారో అందులో ఉంటాది, కొన్నాక చదివి ఏడిస్తే లాభం లేదు.

సిరిమానుకి వస్తావు కదా, ఈలోగా మీ అమ్మ కుట్టు మిషన్ డ్రాయర్లో టేపుంటాది, కనుబొమలకి ఒక అంగుళం పైన తల చుట్టుకొలత తీసి సెంటీమీటర్లలో నాకు పంపు. మూడుసార్లు కొలువు. ఎందుకని అడిగితే పెళ్లి తలపాగాకని చెప్పు, ఒక వారం నీ జోలికి రాదు.

మావయ్య