డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఫైన్ కట్టాను, కెనడా వెళ్లనిస్తారా?

ప్రశ్న: నా వయసు 57. కూకట్‌పల్లిలో హార్డ్‌వేర్ షాపు ఉంది. 2018 డిసెంబర్ 31 రాత్రి స్నేహితుడి ఇంటి నుంచి వస్తూ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాను. మిషన్ 62 చూపించింది. మా ఆవిడతో కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్లాను. జనవరిలో కోర్టులో తప్పు ఒప్పుకుంటే రెండు వేలు ఫైన్ వేసి, కోర్టు లేచేదాకా కూర్చోబెట్టారు. ముందూ వెనకా ఇంకే కేసూ లేదు. మా అమ్మాయి బ్రాంప్టన్‌లో ఉంటుంది. వేసవికి మమ్మల్ని రమ్మంటోంది, నయాగరా రెండు వైపుల నుంచీ చూపిస్తానంటోంది. వీసా ఫారంలో నేరాల గురించి అడిగిన చోట "లేదు" అని పెట్టెయ్యండి, అది చలానా లాంటిదే అంటున్నాడు ఏజెంటు. పాస్‌పోర్టు కూడా రెన్యువల్‌కి వచ్చింది. ఏం చెయ్యమంటారు?
(పేరు వద్దన్నారు, హైదరాబాద్)

జవాబు: ఆ ఏజెంటు మాట మాత్రం వినకండి. మిగతాదంతా నెమ్మదిగా చూసుకోవచ్చు.

అది చలానా కాదు. సిగ్నల్ దాటితే పడే చలానా ఫోన్‌లోనే కట్టేస్తాం కదా, దీనికి మిమ్మల్ని కోర్టు మెట్లు ఎందుకు ఎక్కించారు? మోటారు వాహనాల చట్టంలో డబ్బు కట్టి అక్కడికక్కడే తేల్చుకోగల తప్పుల జాబితా సెక్షన్ 200లో ఉంది. తాగి నడపడం, అంటే సెక్షన్ 185, అందులో లేదు. మొదటిసారి దొరికినా ఆరు నెలల వరకు జైలు వెయ్యగల నేరం అది. మీకు వేసింది రెండు వేలే కావచ్చు, కోర్టు లేచేదాకా కూర్చోబెట్టడమే కావచ్చు, కాగితం మీద మాత్రం అది శిక్షే. తప్పు ఒప్పుకుంటే ఒక్కరోజులో పోతుందని అందరూ ఒప్పేసుకుంటారు. పోయేది ఆ రోజు టెన్షన్ ఒక్కటే, రికార్డు పోదు.

ముందు పాస్‌పోర్టు సంగతి. దాని గురించి బెంగ అక్కర్లేదు. 1967 పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6(2) ప్రకారం, దరఖాస్తుకు ముందు ఐదేళ్లలో నైతిక పతనం (మోసం, దొంగతనం లాంటివి) కిందికి వచ్చే నేరానికి రెండేళ్లకు తక్కువ కాని జైలుశిక్ష పడితేనే పాత శిక్ష అడ్డం వస్తుంది. మీది ఆ దరిదాపుల్లో కూడా లేదు. అదే సెక్షన్‌లో ఇంకో అడ్డంకి, కోర్టులో నడుస్తున్న కేసు. మీ కేసు ఆ జనవరిలోనే ముగిసింది. (498ఎ, అంటే భార్యను వేధించారన్న కేసులు నడుస్తున్నవాళ్లు తరచూ ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక మాట: 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు విదేశాలకు వెళ్లడానికి అనుమతిస్తే పాస్‌పోర్టు ఇస్తారు. ఎంతకాలానికో ఆర్డర్‌లో లేకపోతే ఏడాదికే వస్తుంది. అందుకని పిటిషన్‌లోనే కాలం అడగాలి.)

ఇక కెనడా. మన దగ్గర ఎంత శిక్ష పడిందని వాళ్లు చూడరు. అదే పని కెనడాలో చేసి ఉంటే అక్కడి చట్టంలో ఏ నేరం అవుతుంది, దానికి గరిష్ఠంగా ఎంత శిక్ష ఉంది అని చూస్తారు. అక్కడ తాగి నడిపితే గరిష్ఠ శిక్ష ఒకప్పుడు ఐదేళ్లు. 2018 డిసెంబర్ 18 నుంచి దాన్ని పదేళ్లు చేశారు. గరిష్ఠ శిక్ష పదేళ్లు ఉంటే ఇమిగ్రేషన్ చట్టంలో అది "తీవ్రమైన నేరం" కింద లెక్క. మీరు దొరికింది ఆ మార్పు వచ్చిన పదమూడో రోజు రాత్రి. అంతకుముందు ఏడాది డిసెంబర్ 31న దొరికి ఉంటే, శిక్ష పూర్తయిన పదేళ్లకు, ఇంకే నేరమూ లేకపోతే, దరఖాస్తు లేకుండానే మచ్చ పోయినట్టు భావించే వీలుండేది. మీకు ఆ వీలు లేదు. ఎన్నేళ్లయినా దానంతట అది పోదు.

అయితే మీ ఉత్తరంలో నాకు పనికొచ్చే అంకె ఒకటుంది, 62. మన చట్టంలో నూరు మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. కెనడాలో ఆ హద్దు 80. అంటే మీ రీడింగుతో అక్కడి "80" నేరం నిలబడదు. మిగిలింది, మత్తు వల్ల నడిపే శక్తి తగ్గిందనే ఇంకో నేరం. దానికి మీటరు అంకెతో పని లేదు, తూలుతూ నడిపాడని రుజువైనా చాలు. కానీ మన సెక్షన్ 185 కేసులో మేజిస్ట్రేటు చూసేది మీటరు రీడింగే. మీరు ఎవరినీ గుద్దలేదు, అడ్డదిడ్డంగా నడిపారన్న సెక్షన్ కూడా మీ మీద పెట్టి ఉండకపోతే, ఈ శిక్షకు సరితూగే నేరం కెనడా చట్టంలో లేదని వాదించడానికి మంచి చోటుంది. ఒప్పుకోవాల్సింది వీసా ఆఫీసరే. అయినా వాదన గట్టిదే.

అందుకే ముందు కోర్టుకి వెళ్లి తీర్పు, చార్జిషీటు, ఆ రాత్రి మిషన్ ఇచ్చిన స్లిప్పు, ఫైన్ రసీదులకు సర్టిఫైడ్ కాపీలు పెట్టించండి. ఎస్‌టీసీ నంబరు, అంటే మీ కేసు నంబరు తెలియకపోతే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో మీ పేరుతో వెతకండి. చిన్న కేసుల ఫైళ్లు కొన్నేళ్లకు తీసేస్తుంటారు. ఫైలు లేదంటే ఆ సంగతే కాపీ దరఖాస్తు మీద రాయించుకోండి, అదీ పనికొస్తుంది. ఇంట్లో బీరువా కూడా ఒకసారి వెతికించండి. ఆ స్లిప్పు మా ఆవిడే దాచింది అంటూ మా క్లయింటు ఒకాయన ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చాడు. నెల రోజులు కోర్టు కాపీయింగ్ సెక్షన్ చుట్టూ తిరిగాక!

ఆఫీసరు ఒప్పుకోకపోతే రెండు దారులు. శిక్ష పూర్తయి ఐదేళ్లు దాటింది కాబట్టి క్రిమినల్ రిహాబిలిటేషన్‌కి, అంటే పాత నేరాన్ని ఇక అడ్డంగా చూడొద్దని, పెట్టుకోవచ్చు. మంజూరైతే మళ్లీ ఈ గొడవ ఉండదు. కానీ ఏడాది దాటినా తేలకపోవచ్చు, ఫీజు వెయ్యి డాలర్ల పైమాటే. ఈ వేసవికే వెళ్లాలంటే టెంపరరీ రెసిడెంట్ పర్మిట్, అంటే అడ్డంకి ఉన్నా కొంతకాలానికి రానిచ్చే అనుమతి, అడగాలి. దానికి వెళ్లి తీరాల్సిన కారణం చూపించాలి. కాన్పు, ఆపరేషన్ లాంటివి చెబితే బలం ఉంటుంది, నయాగరా చూడాలని ఉందంటే అంత బలం ఉండదు. నేను హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేస్తున్న లాయర్ని, కెనడా చట్టంలో మీ తరఫున నిలబడే లైసెన్సు నాకు లేదు. అమ్మాయిని అక్కడి లాయరునో, రిజిస్టర్ అయిన కన్సల్టెంటునో చూడమనండి. ఆ కన్సల్టెంట్ల పేర్లు వాళ్లకు లైసెన్సు ఇచ్చే సంస్థ (దాన్ని అక్కడ కాలేజ్ అంటారు) వెబ్‌సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు. మీ ఏజెంటు పేరు కూడా వెతికి చూడండి.

ఇప్పుడు "లేదు" సంగతి. ఆ ఫారం అడిగేది జైలుకి వెళ్లారా అని కాదు. ఏ దేశంలోనైనా ఎప్పుడైనా నేరం చేశారా, అరెస్టయ్యారా, కేసు పెట్టారా, శిక్ష పడిందా అని. పోలీస్ క్లియరెన్స్ శుభ్రంగా వచ్చినా ఆ ప్రశ్నకు మీ జవాబు మారదు. అబద్ధమని తేలితే తప్పుడు సమాచారం కింద ఐదేళ్లు కెనడాలో అడుగు పెట్టనివ్వరు. ఏజెంటు నింపాడన్న మాట చెల్లదు, సంతకం మీది. పైగా 62 మీద నేను చెప్పిన వాదనంతా "అవును" అని రాసి, కింద వివరణ ఇస్తేనే పనికొస్తుంది. మీ ఆవిడ దరఖాస్తుకు మాత్రం ఇది అడ్డం కాదు, ఆవిడది విడిగా చూస్తారు.

అమెరికా వైపు నయాగరాకి వేరే వీసా కావాలి. అక్కడ మామూలు డ్రంక్ అండ్ డ్రైవ్ నైతిక పతనం నేరం కిందికి రాదు. ఐదేళ్లలోపు అరెస్టు ఒకటి ఉన్నా, పదేళ్లలో రెండున్నా వాళ్ల డాక్టర్ దగ్గరికి పంపి, తాగుడు అలవాటుందా అని పరీక్ష చేయిస్తారు. మీది ఒక్కటే, పాతదే, కాబట్టి ఆ పరీక్ష మామూలుగా అడగరు. ఆ ఫారంలోనూ అరెస్టు ప్రశ్న ఉంటుంది, ఈ రెండు దేశాలూ వీసా సమాచారం పంచుకుంటాయి. కెనడాకి ఏం రాశారో ఇక్కడా అదే రాయండి. టికెట్లు మాత్రం రెండు వీసాలూ చేతికొచ్చాకే కొనండి.