పార్శిల్‌లో వెళ్లిన గుడ్లు పొదగలేదేం?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కరీంనగర్‌లో ఉండే మా ఆడపడుచు అడిగితే, మా అసీల్ (పందెం కోళ్ల జాతి) పెట్టల గుడ్లు ఊకలో సర్ది పార్శిల్ వేశాను. రెండే పగిలాయట. మిగతావి ఇంక్యుబేటర్‌లో పెడితే ఒక్క పిల్లా లేవలేదు. ఇక్కడ అవే పెట్టల కింద చక్కగా లేస్తున్నాయి. కారణం ఏమిటి?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ దగ్గర లేస్తున్నాయంటే పుంజులో లోపం లేదమ్మా. దెబ్బంతా దారిలోనే తగిలింది. గుడ్డు వెడల్పు కొసన, పెంకు లోపల గాలి గది ఉంటుంది. కుదుపులకు దాని పొర వదులై, బుడగ అటూ ఇటూ తిరుగుతుంది. పైకి గుడ్డు నిక్షేపంలా ఉన్నా, చాలా వరకు పిల్ల రాదు.

ఊకతో వచ్చిన చిక్కేమిటంటే, దారిలో అది అణిగిపోతుంది. గుడ్లు కిందికి జారి ఒకదానికొకటి కొట్టుకుంటాయి. ఈసారి ఒక్కో గుడ్డునూ బబుల్ షీట్‌లో చుట్టి, వెడల్పు కొస పైకి ఉండేలా గుడ్ల అట్టలో నిలబెట్టండి. ఆ అట్టను చిన్న పెట్టెలో బిగించి, దాన్ని పెద్ద పెట్టెలో పెట్టండి. రెండింటి మధ్యా ఎండిన కొబ్బరి పీచు కూరండి. కోనసీమలో పీచుకు కొదవా! తడి పీచు మాత్రం వద్దు, బూజు పడుతుంది. మూత వేసి మెల్లగా ఊపితే లోపల ఏదీ కదలకూడదు. పాలిథిన్‌తో గాలాడకుండా మూసేయకండి. 'ఇటు పైకి' అని పెద్దక్షరాలతో రాయండి, కానీ ఎవరూ చూడరనుకునే సర్దండి.

వారం లోపు గుడ్లే ఏరండి. కడగొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. నిల్వకు 13 నుంచి 18 డిగ్రీల చల్లదనం మంచిది. 21 దాటితే లోపల పిండం అరకొరగా పెరగడం మొదలుపెట్టి, నీరసించి చచ్చిపోతుంది. అందుకే రోహిణి కార్తెలో ఎవరడిగినా నేను పంపను. సంక్రాంతి అయ్యాక చలి ఉండగానే పంపడం మేలు. గుడ్ల కోసం అడిగేవాళ్లు కూడా అప్పుడే ఎక్కువ, ఎందుకో మీకు నేను చెప్పాలా! సోమవారం పొద్దున్నే వేస్తే ఆదివారం గోడౌన్‌లో పడి ఉండే బాధ తప్పుతుంది. గుడ్లు తీసుకుంటారో లేదో ముందే కౌంటర్‌లో అడగండి.

అసలు పని మీ ఆడపడుచు చేతిలో ఉంది. పార్శిల్ విప్పగానే ఇంక్యుబేటర్‌లో పెట్టేయకూడదు. వెడల్పు కొస పైకి పెట్టి, ఒక రోజంతా నీడలో కదపకుండా ఉంచమనండి. తర్వాత చీకట్లో సెల్ టార్చ్ పెట్టి చూస్తే బుడగ తెలుస్తుంది. ఇంకా తిరుగుతుంటే, నిలబెట్టే పొదిగించి, మొదటి రెండు మూడు రోజులు తిప్పకుండా వదిలేయాలి. ఫ్యాన్ ఉన్న మిషన్ అయితే వేడి 37.5 డిగ్రీలు. ఏడో రోజు మళ్లీ చూసి మురిగినవి తీసేయాలి, 18వ రోజు నుంచి తిప్పడం మానేయాలి.

ఇంత చేసినా సగం లేస్తే పండగే. డబ్బు తీసుకుని పంపేటట్టయితే ఈ మాట ముందే చెప్పేయండి. ఇది ఆడపడుచు బేరం కాబట్టి, నాలుగు గుడ్లు ఎక్కువే సర్దండి.