చీనీ తోటల దారికి ఏ బండి?

అబ్బోడికి,

పెద్దనాయన దీవించి రాసేది. నీకు డ్రిప్ సేద్యం కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం వచ్చిందని, పులివెందులలో రూము తీసుకుంటున్నావని మీ నాయన చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు బండ్ల ఫొటోలు చూశాను. మూడూ బాగున్నాయి. ఏది కొనాలి అని అడిగావు కదా, ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

ముందు బండ్ల సంగతి పక్కన పెట్టి, నీ దారి సంగతి ఆలోచించు. నీ పని లింగాల, సింహాద్రిపురం, తొండూరు, వేముల మండలాల్లో. తార్రోడ్డు దిగాక చీనీ (బత్తాయి) తోట దాకా మట్టిబాటే. వాన పడితే నల్లరేగడి చక్రానికి అతుక్కుంటుంది. వెనక సీటు మీద పైపు ముక్కలు, ఫిల్టర్లు, సామాను సంచి కట్టుకోవాలి. రోజంతా రెండో గేరులో, మూడో గేరులో, ముప్పై నలభై స్పీడులో తిరిగే పని ఇది. నువ్వు మనసు పడ్డ 200 సీసీ బండి ఆ స్పీడులో ఇంజన్ వేడెక్కి కాళ్లకు సెగ కొడుతుంది, బరువుకు చేతులు నొప్పి పుడతాయి, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. దాని బలమంతా బయటపడేది హైవే మీద. నువ్వు హైవే ఎక్కేది వారానికి ఒకసారి, వేంపల్లి మీదుగా కడపకు ఇంటికి వచ్చేటప్పుడు.

వ్యవసాయ శాఖలో ఉన్నంత కాలం నేను కళ్యాణదుర్గం, ఉరవకొండ పల్లెలన్నీ బండి మీదే తిరిగాను. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది, 1994లో స్ప్లెండర్ వచ్చింది. మా ఆఫీసులో అందరూ వాటికే మొగ్గడానికి మైలేజీ ఒక్కటే కారణం కాదు. ఏ పల్లెలో ఆగిపోయినా బాగుచేసేవాడు దొరికేవాడు, ఏ సంతలోనైనా క్లచ్ వైరు దొరికేది. నువ్వు కూడా అదే చూసుకో. షోరూములో అడగొద్దు, పులివెందుల బస్టాండు దగ్గర మెకానిక్కులను అడుగు: ఏ బండి సామాను ఇక్కడే దొరుకుతుంది, దేనికి కడపకో అనంతపురానికో పోవాలి అని. వాళ్లు ఉన్నదున్నట్టు చెబుతారు.

ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బండ్లన్నీ బీఎస్-6, అంటే పొగ తక్కువ వదలాలన్న రూలు ప్రకారం చేసినవి. చాలావాటికి కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇది మంచిదే, చలికాలం పొద్దున్నే కూడా ఒక్క నొక్కుకే స్టార్ట్ అవుతుంది. అయితే దాని పెట్రోల్ పంపు కరెంటుతో నడుస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే మునపటిలా తోసి స్టార్ట్ చేయడం కుదరదు. కిక్కర్ ఉన్న మోడల్ దొరికితే తీసుకో, అయినా బ్యాటరీని మాత్రం అశ్రద్ధ చేయొద్దు.

టైర్ల విషయంలో నేను గట్టిగా చెబుతాను: అల్లాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్నదే తీసుకో. తోటల చుట్టూ కంచె అంతా తుమ్మకంపే, ముల్లు దిగని నెల ఉండదు. ట్యూబు టైరైతే గాలి ఒక్కసారిగా పోతుంది, మండుటెండలో బండి తోసుకుంటూ నడవాలి. ట్యూబ్‌లెస్‌లో ముల్లు దిగినా గాలి మెల్లగా పోతుంది. ముల్లు కనబడిందని పీకేయొద్దు. అది అట్లే ఉంచి మెల్లగా పంచర్ షాపు దాకా పో.

మీ అమ్మ గురించి కూడా ఆలోచించు. నీ మూడు ఫొటోల్లో రెండింటికి వెనక సీటు విడిగా, ఎత్తుగా, ఇరుకుగా ఉంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి దాని మీద ఎక్కి కూర్చోవడం కష్టం. చీరతో ఒకవైపు కూర్చునేవాళ్లకు పొడుగాటి చదును సీటు, పట్టుకోవడానికి గట్టి కమ్మీ, కాలు పెట్టుకోవడానికి వెడల్పాటి ఫుట్‌రెస్ట్, చక్రానికి శారీ గార్డ్ ఉండాలి. చక్రానికి ఆ గార్డ్ చట్టప్రకారం ఉండాల్సిందే, కానీ కుర్రాళ్లు చూపుకు బాగోదని ఊడదీయిస్తున్నారు. నువ్వు ఆ పని చేయొద్దు. బండి ఖాయం చేసే ముందు అమ్మను షోరూముకు తీసుకుపోయి కూర్చోబెట్టి చూడు.

ఇవన్నీ చూస్తే నా లెక్కకు నీకు 125 సీసీ బండి సరిపోతుంది. అయినా 150, 160 వైపే మనసు లాగుతుంటే స్పీడు కోసం కాకుండా ఏబీఎస్ కోసం తీసుకో. 125 సీసీ దాటిన బండ్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. 125, అంతకు తక్కువ వాటికి మామూలుగా వచ్చేది సీబీఎస్, అంటే వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. హఠాత్తుగా బ్రేకు వేస్తే చక్రం పట్టేసి జారకుండా కాపాడేది ఏబీఎస్సే. ఆ మాట చెప్పి నువ్వు మీ నాయనను ఒప్పిస్తే నేను అడ్డు చెప్పను.

ఇక డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. నీ స్నేహితుడు అంతకు ముందు కొన్న ధరతో పోల్చుకోవద్దు. ఎక్స్ షోరూమ్ ధర ఎంత, లైఫ్ ట్యాక్స్ ఎంత, రిజిస్ట్రేషన్ ఎంత, ఇన్సూరెన్స్ ఎంత, విడివిడిగా కాగితం మీద రాయించుకో. హ్యాండ్లింగ్ చార్జీలని ఇంకేదైనా కలిపితే అది దేనికో అడుగు, రసీదు లేని రూపాయి ఇవ్వొద్దు.

లోను తీసుకుంటే వడ్డీ ఫ్లాటా, తగ్గే అసలు మీదా అన్నది మొట్టమొదట అడగాలి. 80,000 రూపాయలు ఫ్లాట్ 10 శాతానికి మూడేళ్లకు తీసుకున్నావనుకో. వడ్డీ 24,000. నెలకు దాదాపు 2,890 కట్టాలి. పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ నువ్వు ప్రతి నెలా అసలు కూడా తీరుస్తూనే ఉన్నావు, వాళ్లు మాత్రం చివరి నెల దాకా మొత్తం 80,000 మీద వడ్డీ వేస్తున్నారు. బ్యాంకు లెక్కలో చూస్తే అది దాదాపు 18 శాతం వడ్డీ. ముందు నీ జీతం పడే బ్యాంకులో అడిగి, ఆ తర్వాతే షోరూములో టేబుల్ వేసుకుని కూర్చునే ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి పో. లోను తీరిన రోజునే బాకీ లేదనే కాగితం (ఎన్‌ఓసీ), ఫారం 35 తీసుకుని ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు తీయించు. చాలామంది ఆ పని వాయిదా వేసి, బండి అమ్మే రోజు తిప్పలు పడతారు.

ఇన్సూరెన్స్ గురించి మన వాళ్లలో ఒక అపోహ ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కట్టించుకుంటారు. దాంతో ఐదేళ్లు నిశ్చింత అనుకుంటారు. అది నీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి మాత్రమే. బండి దొంగలు ఎత్తుకుపోయినా, పడి విరిగినా డబ్బు రావాలంటే ఓన్ డ్యామేజ్ పాలసీ ఉండాలి. అది మామూలుగా ఒక్క ఏడాదికే ఇస్తారు, ఏటా నువ్వే గుర్తుపెట్టుకుని రెన్యువల్ చేయించుకోవాలి. బండి యజమాని తానే నడిపేటప్పుడు వర్తించే 15 లక్షల ప్రమాద బీమా కూడా ఉంటుంది, దాన్ని వద్దనొద్దు. లైసెన్స్ లేకుండా నడిపితే అది వర్తించదు. నీ దగ్గర ఇంకా ఎల్‌ఎల్‌ఆరే (లెర్నర్ లైసెన్సే) ఉందని విన్నాను. అది తీసుకున్న 30 రోజుల తర్వాత టెస్ట్‌కు పోవచ్చు, ఉద్యోగంలో చేరేలోపే ఆ పని చూసుకో.

మీ నాయన పాత స్ప్లెండర్ పక్కవీధి మనిషికి అమ్ముతున్నారట. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి తాళం ఇచ్చేయడం మన దగ్గర అలవాటు. దయచేసి అట్లా చేయనివ్వొద్దు. ఆర్‌సీ మీద పేరు మారనంత కాలం చట్టం దృష్టిలో యజమాని మీ నాయనే. ఆ బండి ఎవరినైనా గుద్దితే, ఇన్సూరెన్స్ లేకపోతే, నష్టపరిహారం రిజిస్టర్డ్ ఓనరే కట్టాలని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పేరు మార్పుకు ఫారం 29, 30 పూర్తిగా నింపి, 14 రోజుల్లోపు ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేయాలి. కొనేవాణ్ణి కూడా వెంటబెట్టుకుని పోయి పేరు మార్పించి రమ్మను.

డెలివరీ రోజు పగటి వెలుతురులో తీసుకో. కాగితాల్లో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోతున్నాయా చూడు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైన టైరు అని. పాత టైరుంటే మార్చమను. బండితో పాటు ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఇవ్వాలని రూలుంది, అడిగి తీసుకో. తలకు వదులుగా ఉంటే మాత్రం నీ కొలతది వేరే కొనుక్కో.

ఇప్పుడు నడపడం. అన్నిటికన్నా నాకు దీని గురించే టెన్షన్.

మన వైపు చాలామంది ముందు బ్రేకు ముట్టుకోరు, పడితే బండి పల్టీ కొడుతుందని భయం. కానీ బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. మంచి రోడ్డు మీద రెండూ కలిపి, ముందుది ఒక్కసారిగా లాగకుండా మెల్లమెల్లగా బిగిస్తూ వాడాలి. ఇసుక మీద, కంకర మీద, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు మాత్రం ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. కొత్త బండి వచ్చిన వారంలో పొద్దున్నే ఖాళీ గ్రౌండుకు పోయి ఇది ఒంటబట్టేదాకా చేసి చూడు.

సింహాద్రిపురం వైపు శనగ కోతల రోజుల్లో రైతులు కట్టె (ఎండిన శనగ మొక్కలు) తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, వాహనాలు తొక్కితే గింజ రాలుతుందని. అది చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ, దాని కింద గింజలు ఉంటాయి. బ్రేకు వేస్తే బండి కింద నుంచి లాగేసినట్టు పోతుంది. దూరం నుంచే యాక్సిలరేటర్ వదిలి, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు ముట్టకుండా నేరుగా దాటాలి. రాత్రి పూట కుప్పల చుట్టూ రాళ్లు పేరుస్తారు, అవి లైటులో కనబడేసరికి దగ్గరికి వచ్చేసి ఉంటావు. కోతల కాలంలో చీకటి పడకముందే రూము చేరు.

ఆషాఢం గాలి సంగతి నీకు తెలియంది కాదు. అనంతపురం వస్తే ఉరవకొండ వైపు అన్ని గాలిమరలు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. పక్కగాలిలో బండి ఒకవైపు వాలి నడుస్తుంటుంది. పెద్ద లారీ పక్కకు రాగానే గాలి ఒక్కసారి ఆగిపోతుంది, నువ్వు లారీ వైపుకు లాగబడతావు. లారీ దాటగానే గాలి మళ్లీ తోస్తుంది. రెండు సార్లూ తయారుగా ఉండాలి. ముద్దనూరు, ఎర్రగుంట్ల రోడ్డు మీద సిమెంటు లారీలు, బండల లారీలు ఎక్కువ. వాటి వెనక అంటుకుని పోవద్దు, దుమ్ములో ముందున్న గుంత కనబడదు.

అమ్మను రాయచోటికి పుట్టింటికి తీసుకుపోతావు కదా, గువ్వలచెరువు ఘాట్‌లో దిగేటప్పుడు పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలొద్దు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు. ఎక్కేటప్పుడు మలుపులో నీ ఎడమ పక్కనే ఉండు, కిందికి వచ్చే లారీ బ్రేకు పట్టకపోతే మలుపు దాటి ఎదుటి వైపుకు వచ్చేస్తుంది. గువ్వలచెరువులో పాలకోవాకు ఆగితే బండి రోడ్డు దిగి పెట్టు.

మెయింటెనెన్స్ గురించి ఎక్కువ రాయను, బండితో ఇచ్చే పుస్తకం చదువు. రెండు మూడు మాత్రం ఆ పుస్తకం కన్నా మన ఊరికి ఎక్కువ అవసరం. ఒకటి, ఎండాకాలం టైర్లు పేలతాయని గాలి తగ్గించి పట్టిస్తారు. అది తప్పు. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలిగి, ఇంకా వేడెక్కుతుంది. చైన్ కవరు మీద స్టిక్కరులో ఎంత రాసి ఉంటే అంత, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించు. ఇంకోటి, ఇంజన్ ఆయిల్. బండి క్లచ్ ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అని ఉన్నదే వాడాలి. సీలు డబ్బా నువ్వే కొనుక్కుపోయి నీ ఎదురుగా పోయించు. దుమ్ము బాటలకు ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో చెప్పినదానికన్నా ముందే మార్చాలి. జిడ్డుగా ఉండే కాగితం ఫిల్టరైతే దాన్ని గాలి కొట్టి శుభ్రం చేస్తానంటే ఒప్పుకోవద్దు, మార్చడమే.

మేలో పదకొండు దాటాక తోటలు తిరగొద్దు, కంపెనీ వాళ్లు ఏమన్నా సరే. పొద్దున ఆరుకే బయల్దేరితే పది కల్లా పని అయిపోతుంది, రైతులు కూడా అప్పుడే తోటలో దొరుకుతారు. తెల్ల హెల్మెట్ కొనుక్కో, లోపల పలుచటి నూలు గుడ్డ కట్టుకో. ఉక్కపోత అని హెల్మెట్‌ను ట్యాంకు మీద పెట్టుకుని పోయేవాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

వచ్చే ఆదివారం నేను కడపకు వస్తున్నా. షోరూములు రాసిచ్చిన ధరల కాగితాలు, బ్యాంకు చెప్పిన వడ్డీ లెక్క తీసి ఉంచు. పొద్దున అమ్మను కూడా వెంటబెట్టుకుని పోదాం.

ఇట్లు
మీ పెద్దనాయన
అనంతపురం