బియ్యం ఏరే చూపు, విత్తనం ఏరే చూపు

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. లెక్కల్లో బాగా వెనకబడ్డాడు. వాడితో నోరు తెరిస్తే నాకు తిట్టే వస్తుంది. మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని, నెత్తికెక్కుతాడని మా అత్తగారు అంటారు. ఈమధ్య ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయింది. మావాడు తలుపు వెనక క్యాలెండరు మీద పూటకొక గీత గీసుకొని చుక్కల మందు వేస్తాడు గానీ, పుస్తకం మాత్రం పట్టడు. నిజానికి నాలో కూడా నాకు ఏ మంచీ కనబడదు. ఈ చూపు మార్చుకోవడం ఎలా?
— ఒక సోదరి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీ చూపు చెడ్డది కాదు, ఒకే పనికి అలవాటుపడింది. చాటలో బియ్యం ఏరేటప్పుడు మన కన్ను రాయిని, మట్టిబెడ్డను, వడ్లగింజను వెతుకుతుంది. చాట నిండా ఉన్న మంచి బియ్యం కంటికి ఆనదు. అదే మనిషి తొలకరికి ముందు విత్తనానికని చెనిక్కాయలు (వేరుశనగ) ఒలిచి కూర్చున్నప్పుడు, పైపొర చెదరని నిండు గింజను వెతికి పక్కకు తీస్తుంది, ఎందుకంటే రేపు మొలవవలసింది అదే. అనంతపురం జిల్లా ఆడవాళ్లకు ఈ రెండు పనులూ కొత్త కావు. కొడుకు దగ్గర మాత్రం మీరు ఇన్నేళ్లుగా బియ్యమే ఏరుతున్నారు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ క్యాలెండరు. పద్నాలుగేళ్ల పిల్లవాడు అవ్వ కంటిమందుకు పూట తప్పకుండా గీతలు గీసుకుంటున్నాడంటే, వాడికి బాధ్యత తెలుసు, క్రమం తెలుసు, లెక్క పెట్టడమూ తెలుసు. మీరు దాన్ని ‘గానీ’ అన్న ఒక్క మాటతో దాటేశారు. ఈ రాత్రి మందు వేశాక వాడితో, “క్యాలెండరు చూసినాను నాయనా, ఒక్క పూట కూడా తప్పలేదు, అవ్వకు నీ మీదే ధైర్యం” అని చెప్పండి. అక్కడితో ఆగండి. “లెక్కల్లో కూడా ఇట్లే ఉంటే ఎంత బాగుండు” అని తోక తగిలించారా, వాడికి ఆ తోకే మిగులుతుంది.

మీ అత్తగారి భయంలో కొంత నిజం ఉంది. అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే పరిశోధకులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల ఫలితాలను 1998లో ప్రచురించారు. కొందరిని తెలివైనవాళ్లని, మరికొందరిని బాగా శ్రమపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన చిక్కుప్రశ్నల దగ్గర దెబ్బతిన్నప్పుడు మొదటివాళ్లు త్వరగా డీలాపడ్డారు, రెండోవాళ్లు పట్టు విడవలేదు. కాబట్టి పిల్లవాణ్ణి ఆకాశానికెత్తవద్దు. మీరు కళ్లారా చూసిన పనిని, చూసినంత మేరకు చెప్పండి. ఇక దిష్టి సంగతంటారా, ఆమెను ఉప్పు తిప్పి వేయనివ్వండి. మనవడి మీద ప్రాణం పెట్టుకున్న మనిషికే ఆ భయం ఉంటుంది. ఆ మాట ఆమెతోనూ అనండి.

లెక్కల సంగతి విడిగా చూడవలసిందే. ఏ పాఠం దగ్గర తడబడుతున్నాడో వాళ్ల అయ్యవారిని అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టించండి.

మీ గురించి చివరి వాక్యంలో రాశారు, నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది. ఎవరైనా మీ చేతి ఊరుబిండి పచ్చడి బాగుందంటే “ఏముందిలే, అందరూ చేసేదే” అంటారని నా అనుమానం, ఎందుకంటే మా అమ్మ జీవితమంతా అట్లే అనింది. అలా అన్న ప్రతిసారీ ఎదుటివారి మాటను కూడా మనం తోసివేస్తున్నాం. ఈసారి “అవును, చెనిక్కాయలు దగ్గరుండి వేయించి, రోట్లో నూరినాను” అని చెప్పి చూడండి. మొదట నోరు రాదు. మీ అబ్బాయి కూడా మీ మెప్పు విని ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్లిపోవచ్చు, ఆ వయసు అలాంటిది. వారం తర్వాత క్యాలెండరు మీద మరో గీత కనబడినప్పుడు మళ్లీ చెప్పండి.