బంతి విసిరితే భుజం నొప్పి.. మాత్ర వేసి ఆడించవచ్చా?

ప్రశ్న: మేము అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయికి 13 ఏళ్లు. బడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే సహచరులకు బంతి విసిరే ఆటగాడు. వేసవి నుంచి రోజూ వందకు పైగా బంతులు విసురుతున్నాడు. మూడు వారాలుగా విసిరినప్పుడల్లా కుడి భుజం నొప్పి అంటున్నాడు. మోచెయ్యి కిందికి జారుతోందని, అది సరిచేసుకుంటే చాలని కోచ్ చెప్పారు. నొప్పి మాత్ర వేసి సాధన కొనసాగించవచ్చా? - ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. మాత్ర నొప్పిని కప్పేస్తుంది, దెబ్బ లోపల పెరుగుతూనే ఉంటుంది. ఈ రోజు నుంచే విసరడం ఆపించండి.

పెద్దవాళ్లలో ఇలాంటి నొప్పి వస్తే ముందుగా కండరాలను అనుమానిస్తాం. మీ బాబు వయసులో నా అనుమానం ఎముక మీదికి వెళ్తుంది. దండచేయి ఎముక పైకొనలో, ఎముక పొడవు పెరిగే మెత్తని పొర ఉంటుంది. దీన్నే గ్రోత్ ప్లేట్ అంటాం. ఎదిగే పిల్లల్లో అది ఇంకా గట్టిపడదు. విసిరిన ప్రతిసారీ చెయ్యి మెలి తిరిగే ఒత్తిడి దాని మీదే పడుతుంది. పదే పదే పడితే ఆ పొర దెబ్బతిని వెడల్పవుతుంది. బేస్‌బాల్ ఆడే పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, పిల్లల బేస్‌బాల్ పోటీలు నడిపే 'లిటిల్ లీగ్' పేరుతో దీన్ని 'లిటిల్ లీగ్ షోల్డర్' అంటారు. పిల్లల ఎముకల వైద్యుడికి చూపించి, రెండు భుజాలకూ ఎక్స్‌రే తీయించండి. పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. అదే అయితే సాధారణంగా మూడు నెలల వరకు విసరకూడదు. ఆటే ప్రాణమైన పిల్లవాడికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే జట్టుకు దూరం చేయకండి. వైద్యుడు సరేనంటే పరుగు, కాళ్లకు, నడుముకు బలాన్నిచ్చే వ్యాయామాలు చేయవచ్చు.

ఇక మోచెయ్యి సంగతి. కోచ్ గమనించింది నిజమే కావచ్చు, కానీ మోచెయ్యి జారడానికి మూలం చాలాసార్లు కాళ్లలో ఉంటుంది. విసురులోని బలం నేల నుంచి పుట్టి కాళ్లు, నడుము, ఛాతీ మీదుగా చేతికి రావాలి. కుడిచేతి వాటం పిల్లవాడు ఎడమ పాదాన్ని గురివైపు వేయాలి. ముందు నడుము తిరగాలి, ఛాతీ దాని వెనకే రావాలి. అప్పుడు మోచెయ్యి భుజమంత ఎత్తులో ఉండాలి. బంతి వదిలాక చెయ్యి ఎడమ తుంటివైపు సాగిపోవాలి, మధ్యలో బిగబట్టకూడదు. కాళ్లు అలసిపోతే ఈ వరస చెడి, భారమంతా భుజం మోస్తుంది. మళ్లీ మొదలుపెట్టాక ఫోనుతో పక్కనుంచి మొదటి పది, చివరి పది విసుర్లు వీడియో తీయండి. మోచెయ్యి ఎక్కడ జారిందో మీకే కనిపిస్తుంది. అక్కడే ఆ రోజు సాధన ఆపాలి.

బంతి కొలత కూడా చూడండి. పెద్దల ఫుట్‌బాల్ సుమారు 400 గ్రాములు ఉంటుంది, బేస్‌బాల్ 150 గ్రాములు కూడా ఉండదు. 12-14 ఏళ్లవారికి కొంచెం చిన్న బంతి దొరుకుతుంది. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో 13-14 ఏళ్ల పిచర్‌కు (బంతి విసిరే ఆటగాడికి) రోజుకు 95 బంతులే పరిమితి. అంతకంటే బరువైన బంతి విసిరే పిల్లవాడికి లెక్కే లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. పెరట్లో నాన్నతో సరదాగా విసిరినవీ ఆ లెక్కలో వేయండి.

నొప్పి పూర్తిగా పోయి, వైద్యుడు అనుమతించాక రోజు విడిచి రోజు, దగ్గరి దూరం నుంచి మొదలుపెట్టాలి. ఈలోగా మోచెయ్యి పూర్తిగా చాపలేకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా, నొప్పితో రాత్రి మెలకువ వచ్చినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.